పారిజాతాపహరణము – ఆంగ్లానువాదమున సత్యభామ

ప్రాచీన కావ్యము పరభాషలోనికి పోవునపుడు శబ్దము నశించును, అర్థము నిలుచును అని సామాన్యముగా చెప్పుదురు. ఈ మాట సగము మాత్రమే సత్యము. శబ్దము పద్యమునకు వెలుపలి తొడవు మాత్రమే యైనచో ఆ నష్టము సహింపదగినదే. కాని పదముల కూర్పే పాత్రపోషణమునకు ఆధారమైన పట్టున, శబ్దముతోబాటు అర్థమును కొంత జారిపోవును. నంది తిమ్మన పారిజాతాపహరణమునకు 2022లో వెలువడిన ఆంగ్లానువాదము ఈ విషయమును పరిశీలించుటకు చక్కని యవకాశము కల్పించినది.

ఈ గ్రంథము ‘థెఫ్ట్ ఆఫ్ ఎ ట్రీ’ అను పేర హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారి మూర్తి క్లాసికల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా శ్రేణిలో ప్రకటితమైనది. అనువాదకులు డా. హర్షిత కామత్, ఆచార్య వెల్చేరు నారాయణరావుగార్లు. నారాయణరావుగారు డేవిడ్ షుల్మన్‌గారితో కలిసి చేసిన మనుచరిత్రానువాదము 2015లో ఇదే శ్రేణిలో వచ్చియున్నది. కామత్‌గారు అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున తెలుగు సాహిత్య సంస్కృతులను బోధించు విదుషి. కూచిపూడి గ్రామమున పురుషులు ధరించు స్త్రీవేషములను గూర్చి, ముఖ్యముగా భామాకలాపములోని సత్యభామ వేషమును గూర్చి, ఆమె రచించిన గ్రంథము 2019లో వెలువడినది. రంగస్థలముపై సత్యభామను శోధించిన విదుషి కావ్యములోని సత్యభామను అనువదించుట విశేషము. అయినను ఇది ఇరువురి కృషి. ఏ పంక్తి ఎవరిదో విభజింపబూనుట యుక్తము కాదు.

కావ్యమునకు జీవగఱ్ఱ ప్రథమాశ్వాసములోని అలుక ఘట్టము. నారదుడు తెచ్చిన పారిజాత కుసుమమును కృష్ణుడు రుక్మిణికిచ్చెను. ఆ వార్త చెలికత్తెవలన విని సత్యభామ కోపగృహము చేరెను. అనునయింపవచ్చి తన పాదములకు మ్రొక్కిన భర్త శిరస్సును ఆమె ఎడమకాలితో త్రోసివేసెను. రాయలకును తిరుమలదేవికిని కలిగిన ప్రణయకలహమును మాన్పుటకై తిమ్మన ఈ కథను చేపట్టెనని ఐతిహ్యము. విమర్శకులు పలువురు ఘట్టౌచిత్యమును ఈ ఐతిహ్యముతోనే సమర్థించిరి. కాని సమర్థనము పద్యములోనే యున్నది.

ఆ పద్యము మత్తేభవిక్రీడితము. బ్రహ్మేంద్రాదులు పూజించు శిరస్సనియు, మన్మథుని కన్నతండ్రి శిరస్సనియు కవి మొదట దీర్ఘసమాసములతో కృష్ణుని ఎత్తున నిలిపెను. ఆ బరువంతయు చెవిని నిండిన పిమ్మట ఎడమకాలి ప్రసక్తి వచ్చును. వెంటనే తేలికయైన తెలుగు క్రియ. ఆ క్రియకు పిమ్మటగాని కర్త కానరాదు. సంస్కృతసమాసము కట్టిన సౌధమును తెలుగు క్రియ ఒక్క తోపున పడవేసినది. కృష్ణుడెంత ఉన్నతుడో సత్య అంత ఉన్నతురాలని పద్యపు నడకయే చెప్పుచున్నది. ఆంగ్లవాక్యమున కర్త ముందు రావలెను. క్రియ దాని వెంట నడువవలెను. కర్మ ఆ పిమ్మట. పైగా ఆ భాషలో తత్సమమునకును దేశ్యమునకును గల ఈ ఎదురుబొదురు ఇంత స్పష్టముగా పలుకదు. కావున ఛందస్సును విడిచి అర్థము ననుసరించిన ఏ అనువాదమునందైనను మిగులునది భర్తపై కోపించిన ఒక భార్య. లోపించినది మాధుర్యము మాత్రమే కాదు, పాత్రౌన్నత్యము.

కృష్ణుని ప్రత్యుత్తరమైన చంపకమాలయు ఇట్టిదే. నీ తాపు నాకు మన్ననయే. నా మేని పులకలు ముళ్లై నీ పాదమును నొప్పించునేమో యని అతని విచారము. పులక సాత్త్విక భావము గనుక, ఆమె తాకిడి తనకు ఆనందమే యిచ్చినదని ఆ విచారములోనే ధ్వనించును. ఆంగ్లమున ఇందుకు వ్యవహారములో నున్న మాట బాతుచర్మమును స్ఫురింపజేయును. శాస్త్రపదము వైద్యగ్రంథమును తలపించును. ఇది అనువాదకుల అశక్తి కాదు, భాషల నడుమ గల దూరము.

ఈ దూరము అన్నిచోట్ల నొకటి కాదు. ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫో కవితలను 2004లో స్పానిష్ భాషలోనికి తెచ్చిన ఔరోరా లూకె స్వయముగా కవయిత్రి. సాఫో పేర ప్రసిద్ధమైన చరణము మూడు పదునొకండక్షరముల పాదములును ఒక అయిదక్షరముల పాదమును గలది. పదునొకండక్షరముల పాదము స్పానిష్ కవిత్వమునకు సొంత సొత్తు. ఆ చరణమును స్పానిష్ కవులు శతాబ్దములుగా అనుకరించుచునే యున్నారు. లూకె ఆ మార్గమున నడిచినను నడువకున్నను పాఠకుని చెవి ముందే సిద్ధమై యున్నది. యతిప్రాసలతో నడచు మన వృత్తమునకు ఆంగ్లమున అట్టి వారసత్వము లేదు.

కథయే ప్రధానమైన కృతికి ఈ చిక్కు తక్కువ. పల్నాటి వీరుల కథను జీన్ రోఘైర్ 1982లో ఆంగ్లమున ప్రకటింపగా కథాబలమే దానిని నడిపించినది. తిమ్మనకు కథ అంత యూత కాదు. బొల్లాపల్లి వంటి పల్నాటి గ్రామములలో కావ్యమును చదువనివారు సైతము కృష్ణుని ప్రత్యుత్తర పద్యమును పౌరాణిక నాటకములందును, 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారము’ చలనచిత్రమున ఘంటసాల కంఠమునను విని యెఱుగుదురు. అమెరికాలో పెరిగిన తెలుగు విద్యార్థి ఆంగ్లమున ఆ కావ్యమును ఆద్యంతము చదువగలడు, కాని ఆ పద్యమును వినియుండడు. ఒకరికి చెవి కలదు, వేఱొకరికి గ్రంథము కలదు.

కావున ఈ ముద్రణమున ఆంగ్లమునకు ఎదుటి పుటలో తెలుగులిపిలోనే మూలమును నిలుపుట అలంకారము కాదు, అనువాదములో అవసరమైన భాగము. బోధకులు రెండు పుటలను కలిపియే బోధింపవలెను. మూలమును బిగ్గరగా చదివి, అన్వయక్రమమును చూపి, ఆ పిమ్మట ఆంగ్లము వంకకు పోవలెను. పదక్రమము, తత్సమ దేశ్యముల పొందిక, నాదము అను మూడింట అనువాదము దేనిని నిలిపినదో, దేనిని విడిచినదో పద్యము పద్యమునకు పరిశీలించుట పరిశోధక విద్యార్థులకు తగిన పని. తిమ్మన సత్యభామను ప్రపంచ పాఠకుని యెదుట నిలిపినందులకు అనువాదకులిరువురును ప్రశంసాపాత్రులు. ఆమె పూర్ణస్వరూపమును చూపు భారము తెలుగు చదివించువారిది.