మృదులాస్థిని చదివే యాంటీబాడీ

సూళ్లూరుపేటలో మోకాళ్ల నొప్పితో ఎక్స్‌రే తీయించుకుంటే ఎముకల మధ్య సందు తగ్గిందని తెలుస్తుంది. ఆ సందులోని మృదులాస్థి మాత్రం అందులో కనపడదు. దాన్ని అణువు అణువుగా పరిశోధకుల కళ్లకు కట్టేది మోనోక్లోనల్ యాంటీబాడీ. ఒకే కణపు సంతతి తయారుచేసింది కనుక ప్రతి చుక్కా ఒకే గుర్తును పట్టుకుంటుంది. చవకగా దొరికే సఫ్రానిన్ రంగు చాలదా అంటే, అది రుణావేశమున్న చక్కెర గొలుసులన్నిటికీ అంటుకుంటుంది, ఏది ఏదో చెప్పదు. 2-బి-6 యాంటీబాడీ తీరు వేరు. కాండ్రాయిటినేజ్ ఎంజైము ఆ గొలుసులను కోశాక వాటిని మోసే ప్రోటీనుకు మిగిలే మోళ్లలో, 4వ స్థానంలో సల్ఫేటు ఉన్నదాన్నే అది పట్టుకుంటుంది. 6వ స్థానంలో ఉంటే 3-బి-3 అనే మరో యాంటీబాడీ వంతు. ఎంత నిశితమైన చూపు!

పని ఓపికతో కూడినది. కొన్ని మైక్రాన్ల మందాన కోసిన పొరపై యాంటీబాడీ వేసి, ఆరిపోకుండా రాత్రంతా చలిలో ఉంచుతారు. కడిగి, ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీ వేస్తారు. అణువున్న చోట గోధుమ రంగు తేలుతుంది. ఆ రెండో యాంటీబాడీ పొరబడదా? పొరబడవచ్చు. అందుకే మొదటి యాంటీబాడీ వేయని స్లైడును పక్కనే నడుపుతారు. దానికీ రంగు వస్తే ఆ ఫలితాన్ని నమ్మరు. కాండ్రాయిటినేజ్ వేయని స్లైడూ ఉంటుంది. అరిగిన కీళ్ల మృదులాస్థిలో ఒక్కోసారి దానిమీద కూడా 3-బి-3 అంటుకుంటుంది: కణాలు గొలుసుల చివరలను కొత్త రకంగా అల్లుతున్నాయన్నమాట.