కత్తి పట్టని కోత

ఎమ్మిగనూరు మగ్గముల యొద్ద తెగిన పోగును పురిపెట్టి యతుకు నేతకానిని, ఆదోని మార్కెట్టున దూదిపింజను వేళ్ల నడుమ సాగదీసి సరుకు వాసి చెప్పు వ్యాపారిని చూచుచు పెరిగిన మాధవరమువాడనగుటచే, నేత్రవైద్యుని పనితనమును నాకు ఆ కోవకే చెందినదిగా తోచును. కంటియద్దముల యవసరము తప్పించు లేజరు చికిత్సలో, అర మిల్లీమీటరుకు ఇంచుక మించిన మందము గల కార్నియాపై పలుచని పొరను రేకువలె లేపి, అడుగుభాగమును 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజరుతో, దెబ్బకు మైక్రానులో నాల్గవవంతు చొప్పున చెక్కి, పొరను మరల యథాస్థానమున పరచుట కొలది నిమిషముల పని. ఆ కిరణము కణజాలమును కాల్చకయే కోయునని 1981లో కనుగొన్నవారిలో మదరాసున పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. వారు తొలుత కోసి చూచినది పండుగ విందులో మిగిలిన టర్కీకోడి ముక్క!

యంత్రము డబ్బున్న యెవరి యొద్దనైన నుండును. నేను మెచ్చునది వద్దనగల వైద్యుని. కాంటాక్టు లెన్సులు కొన్నాళ్లు మాన్పించి, కార్నియా పటము తీయించి, మందము కొలిచి, అద్దాల నంబరు ఏడాదిగా నిలకడగా నున్నదా యని యడిగి, నలుబది దాటిన పిదప చదువుటకు అద్దములు మరల రావచ్చునని ముందే చెప్పి, కార్నియా శంకువువలె పొడుచుకొనివచ్చు జాడ లేశమాత్రము కనబడినను, రొక్కము జేబులో పెట్టుకొని వచ్చిన పడుచువానిని “నీ కంటికిది తగదు నాయనా” యని పంపివేయువాడే నిపుణుడు. మా మేనల్లుడట్లే తిరిగివచ్చి, ముఖము ముడుచుకొనియే, ఆదోనిలో క్రొత్త ఫ్రేము కొనుక్కొనెను.