తయారుచేసే చోటు

మార్చి నెల వచ్చిందంటే అమెరికాకు కాలేజీ బాస్కెట్‌బాల్ జ్వరం పట్టుకుంటుంది. 68 జట్లు, మూడు వారాలు, ఆఫీసుల్లో పందేలు, టీవీల ముందు కాలేజీ రంగుల చొక్కాలు. అక్కడున్న మన తెలుగువాళ్లు కూడా ఎవరు గెలుస్తారో ముందే రాసిపెట్టుకుని ఎదురుచూస్తుంటారు. ఆ 68 జట్లూ డివిజన్ 1 అనే పై అంచెవి. ఈ వారం నేను రాస్తున్నది కింది అంచెల గురించి. డివిజన్ 2, డివిజన్ 3, ఎన్‌ఏఐఏ అనే పేర్ల కింద వందల కొద్దీ చిన్న కాలేజీలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నాయి. కొన్నింట్లో విద్యార్థులంతా కలిసి మన పెద్ద హైస్కూలంత మంది కూడా ఉండరు. అయినా ఈ ఆటను ఓపిగ్గా నేర్పే పని ఎక్కువగా జరిగేది అక్కడేనని నా నమ్మకం.

ఆటగాళ్లను వెతికి తెచ్చుకోవడం దగ్గరే ఆ పని మొదలవుతుంది. హైస్కూల్లో బాగా ఆడే పిల్లల్ని పెద్ద యూనివర్సిటీలు ముందే ఏరుకుంటాయి. మిగిలినవాళ్లలోంచి చిన్న కాలేజీ కోచ్ వెతుక్కోవాలి. ఒకడు రెండంగుళాలు పొట్టి. ఒకడు మరీ బక్కపలచన. ఒకడికి ఆఖరి ఏడు మోకాలు దెబ్బతింది. ఇంకొకడి ఊరికి చూడ్డానికి ఎవరూ వెళ్లనే లేదు. పైగా కోచ్ చేతిలో డబ్బు తక్కువ. కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ 1973లో మూడు డివిజన్లుగా విడిపోయింది. డివిజన్ 3లో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. చదువులో వచ్చిన మార్కుల్ని బట్టి, ఇంటి ఆర్థిక పరిస్థితిని బట్టి ఇచ్చే సాయం మాత్రమే ఉంటుంది. డివిజన్ 2, ఎన్‌ఏఐఏ కోచ్‌లు కూడా తమకున్న కొద్ది స్కాలర్‌షిప్పులనే ముక్కలు చేసి పంచుకుంటారు. అందుకే చిన్న కాలేజీ కోచ్ పిల్లవాడి ముందు పెట్టగలిగింది ఒకటే: నాలుగేళ్లు ఇక్కడుండు, నీకు ఆట నేర్పిస్తాను.

ఆర్కన్సా రాష్ట్రంలో హాంబర్గ్ అనే చిన్న ఊరి కుర్రాడు, 12 మంది పిల్లల్లో ఆఖరివాడు, 1983లో సెంట్రల్ ఆర్కన్సా అనే ఎన్‌ఏఐఏ కాలేజీలో చేరాడు. అప్పటికి అతని ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. ఆట స్కాలర్‌షిప్ లేదు. జట్టు సామాన్లు చూసుకునే పనికి కుదిరాడు. మొదటి ఏడు మ్యాచికి సగటున 4.3 పాయింట్లు. కాలేజీలో ఉండగానే 6 అడుగుల 8 అంగుళాలకు ఎదిగాడు. పొట్టివాడిగా ఉన్నప్పుడు నేర్చుకున్న డ్రిబ్లింగ్, పాసింగ్ ఆ ఎత్తుకు తోడయ్యాయి. ఆఖరి ఏడు సగటు 23.6 పాయింట్లు. 1987లో ఎన్‌బీఏ జట్లు అతన్ని 5వ స్థానంలో ఎంచుకున్నాయి. అతను స్కాటీ పిప్పెన్. మైకేల్ జోర్డాన్ పక్కన ఆడి ఆరు టైటిళ్లు గెలిచాడు. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ ఎత్తు గురించే చెబుతారు. ఎత్తు దానంతటదే వచ్చింది. అది వచ్చేదాకా జట్టులో చోటిచ్చి ఆడించిన కాలేజీకి కూడా ఆ కథలో వాటా ఉంది.

ఇలాంటి జిమ్ము ఎలా ఉంటుందో నేను స్వయంగా చూశాను. మా అన్నయ్య కొడుకు ఒహాయోలో ఒక డివిజన్ 3 కాలేజీ జట్టులో ఆడుతున్నాడు. ఒక జనవరిలో నేను వెళ్లినప్పుడు తెల్లారకముందే ప్రాక్టీసుకు తీసుకెళ్లాడు. మేం వెళ్లేసరికి కోచ్ వెడల్పాటి తుడుపుకర్రతో తనే కోర్టు తుడుస్తున్నాడు. ఆ పొద్దు చాలాసేపు వాళ్లు సాధన చేసింది ఒక్క విషయమే. బుట్ట కింద నిలబడ్డ డిఫెండర్, మూలనున్న షూటర్ చేతికి బంతి చేరేలోపు అతని మీదికి ఉరకాలి. నెమ్మదిగా వెళితే షాట్ కొట్టేస్తాడు. వేగంగా వెళ్లి ఆగలేకపోతే పక్కనుంచి బంతితో దూసుకుపోతాడు. కిటుకంతా చివరి మూడు నాలుగు అడుగుల్లో ఉంది. పెద్ద అంగల్ని ఒక్కసారిగా చిట్టి అడుగులుగా మార్చాలి. నడుము కిందికి దించాలి, ఒక చెయ్యి పైకెత్తాలి.

పొడుగు కాళ్ల మొదటి సంవత్సరం కుర్రాడొకడు ప్రతిసారీ ఆగలేక షూటర్‌ను దాటిపోతున్నాడు. కోచ్ నేలమీద తెల్ల టేపు ముక్క అంటించి, "పరుగు ఇక్కడిదాకా, ఇక్కణ్ణుంచి చిట్టి అడుగులు" అన్నాడు. కుర్రాడు మళ్లీ దాటిపోయాడు. కోచ్ గొంతు పెంచలేదు. వంగి టేపు ఊడదీసి, జానెడు వెనక్కి జరిపి అంటించాడు. ఆ కాళ్ల పొడవుకు ఆగడానికి ఇంకాస్త జాగా కావాలని ఆయనకు అర్థమైంది. ఆ తర్వాత కుర్రాడు ఆగగలిగాడు. పక్కనే నీళ్లు తాగుతున్న మావాడు, "వాడు ఈ ఏడు మ్యాచిలో దిగడు బాబాయ్. మూడో ఏడు ఆడతాడు. కోచ్ ఆ మాట ముందే చెప్పి తీసుకున్నారు" అన్నాడు. రెండేళ్ల తర్వాత ఆడబోయే పిల్లవాడి కోసం టేపు జానెడు జరపడం చూశాక, ఈ విద్య గురించి నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదనిపించింది.

ఈ ఆట పుట్టింది కూడా అలాంటి చోటే. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ కళాశాల ఉండేది. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడు అక్కడ రెండు పీచ్ పళ్ల బుట్టలు కట్టించి ఈ ఆట మొదలుపెట్టాడు. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీ నేటికీ డివిజన్ 3లోనే ఆడుతోంది. అక్కడ చదివిన హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. మన జిల్లాల్లో ఎందరో డ్రిల్లు మాస్టార్లు, కాలేజీ పి.డి. సార్లు అక్కడ శిక్షణ పొంది వచ్చినవాళ్లే. మన సిమెంటు కోర్టుల మీద చెస్ట్ పాస్ నేర్పిన చేతులకూ ఆ చిన్న కాలేజీకీ చుట్టరికం ఉంది.

చిన్న కాలేజీలు అంతకంటే పెద్ద పని కూడా చేశాయి. పెద్ద కాలేజీలు తలుపులు మూసినప్పుడు తెరిచి ఉంచాయి. జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి యువకుడు 1930లలో కాన్సాస్ యూనివర్సిటీలో నైస్మిత్ దగ్గరే చదివాడు. అక్కడి జట్టులో ఆడే హక్కు మాత్రం అతనికి లేదు. తర్వాత డర్హమ్‌లో నల్లవారి కాలేజీకి కోచ్ అయ్యాడు. 1944 మార్చి 12, ఆదివారం. ఊరంతా చర్చిలో ఉన్న వేళ జిమ్ము తలుపులు బిగించి, తన జట్టును డ్యూక్ యూనివర్సిటీ వైద్య విద్యార్థుల తెల్ల జట్టుతో ఆడించాడు. ప్రేక్షకులు లేరు. నల్లవారూ తెల్లవారూ కలిసి ఆడటం అక్కడ అప్పట్లో చట్టవిరుద్ధం. స్కోరు 88-44. మెక్‌లెండన్ పిల్లల వేగం ముందు ఎదుటివాళ్లు నిలవలేకపోయారు. ఆ తర్వాత రెండు జట్లనూ కలిపి, కొత్తగా పంచుకుని మళ్లీ ఆడారు. ఆ సంగతి 1990ల దాకా లోకానికి తెలియలేదు. అదే మెక్‌లెండన్ నాష్‌విల్‌లోని టెనెసీ ఏ అండ్ ఐ జట్టుతో 1957, 58, 59లలో వరుసగా మూడుసార్లు ఎన్‌ఏఐఏ టైటిల్ గెలిచాడు. బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని 1979లోనే చేర్చుకుంది, కానీ ఆటకు సేవ చేసిన వ్యక్తిగా. కోచ్‌గా గుర్తించేసరికి 2016 వచ్చింది. అప్పటికి ఆయన లేడు.

ఆడపిల్లల కథా అంతే. ఫిలడెల్ఫియా దగ్గర ఇమాక్యులేటా అనే చిన్న కేథలిక్ మహిళా కాలేజీ ఉండేది. జిమ్ము కాలిపోయింది. కోచ్ క్యాథీ రష్‌కు జీతం ఏడాదికి 450 డాలర్లు. 1972లో మొదటిసారి జాతీయ టోర్నమెంటుకు వెళ్లడానికి పిల్లలు టూత్‌బ్రష్‌లు అమ్మి డబ్బు పోగుచేశారు. ఎనిమిది మందికే టికెట్లు వచ్చాయి. అంతకు కొద్దిరోజుల ముందు తమను 32 పాయింట్ల తేడాతో చిత్తుచేసిన వెస్ట్ చెస్టర్ జట్టునే ఫైనల్లో 52-48తో ఓడించారు. తర్వాత రెండేళ్లూ టైటిల్ వాళ్లదే. కాలేజీ సిస్టర్లు బకెట్లు వాయిస్తూ జట్టును ఉత్సాహపరిచేవారు.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. దక్షిణాది యూనివర్సిటీలు నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు తెరిచాక, మేటి కుర్రాళ్లు మెక్‌లెండన్ పనిచేసినలాంటి కాలేజీలకు రావడం తగ్గిపోయింది. స్త్రీ పురుషులకు సమానావకాశాలు చూపాలన్న 1972 నాటి చట్టం తర్వాత పెద్ద యూనివర్సిటీలు మహిళా జట్ల మీద డబ్బు పెట్టాయి, ఇమాక్యులేటా లాంటివి వెనకబడ్డాయి. తలుపులు తెరుచుకోవడం న్యాయమే. చట్టమూ న్యాయమే. అయితే ఆ న్యాయానికి ఖరీదు మాత్రం ముందుగా దారి వేసిన చిన్న కాలేజీలే చెల్లించాయి.

ఇప్పుడు మూడోసారి అదే జరుగుతోంది. 2018 అక్టోబరులో ఎన్‌సీఏఏ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచింది. కాలేజీ మారదలచుకున్న ఆటగాడు అందులో పేరు నమోదు చేసుకుంటే ఏ కోచ్ అయినా పిలవచ్చు. 2021 నుంచి మారిన ఏడే ఆడే వీలూ వచ్చింది, తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకునే హక్కూ వచ్చింది. 2025 జులై నుంచి డివిజన్ 1 యూనివర్సిటీలు క్రీడాకారులకు నేరుగా డబ్బు పంచుతున్నాయి. ఒక్కో యూనివర్సిటీకి మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. దాంతో పెద్ద కోచ్‌లు హైస్కూలు పిల్లవాడి కోసం ఓపిక పట్టడం తగ్గించారు. రెండు మూడేళ్లు వేరే చోట ఆడి రాటుదేలిన 21 ఏళ్లవాడు దొరుకుతుంటే 17 ఏళ్లవాణ్ణి ఎందుకు పెంచుతారు? చిన్న కాలేజీలు నారుమడులయ్యాయి. నారు ఎదగ్గానే పీక్కుపోయి వేరే పొలంలో నాటుకుంటున్నారు.

ఆటగాళ్లను నేను తప్పుపట్టను. డెరిక్ వైట్ డివిజన్ 2లోని కొలరాడో స్ప్రింగ్స్ క్యాంపస్‌లో మూడేళ్లు ఆడి, అదే యూనివర్సిటీ పెద్ద క్యాంపస్‌కు మారి, 2017లో ఎన్‌బీఏకు ఎంపికయ్యాడు. 2024లో బోస్టన్ జట్టుతో టైటిల్, అమెరికా జట్టుతో ఒలింపిక్ స్వర్ణం అందుకున్నాడు. డంకన్ రాబిన్సన్ డివిజన్ 3 విలియమ్స్ కాలేజీలో మొదటి ఏడు ఆడి, మిషిగన్‌కు వెళ్లి, అక్కణ్ణుంచి మయామీ జట్టుకు చేరాడు. వాళ్లు వెళ్లడం సబబే. నా అభ్యంతరమల్లా తీసుకునేవాళ్లు తయారుచేసినవాళ్లకు ఏమీ ఇవ్వకపోవడం మీద. ఫుట్‌బాల్‌లో ఫిఫాకు ఒక నియమం ఉంది. ఆటగాడు పెద్ద క్లబ్బుకు అమ్ముడుపోతే, చిన్నప్పటినుంచి అతన్ని పెంచిన క్లబ్బులకు ఆ సొమ్ములో 5 శాతం దాకా వాటా వెళుతుంది. అమెరికా కాలేజీ ఆటలో అలాంటిది లేదు. కోట్ల డాలర్లు పంచే చోట, ఆటగాణ్ణి తీసుకున్న యూనివర్సిటీ అతని పాత కాలేజీకి ఒక కోచ్ జీతమంతైనా ఇవ్వాలి.

అయినా చిన్న కాలేజీ విలువంతా పైకి పంపిన పేర్లలోనే చూస్తే పొరపాటు. డాన్ మేయర్ హామ్లిన్, లిప్స్‌కమ్, నార్తర్న్ స్టేట్ అనే మూడు చిన్న కాలేజీల్లో 923 విజయాలు సాధించాడు. జట్టుకు ఆయన పెట్టిన నియమాలు మూడు: అందరూ నోట్స్ రాసుకోవాలి, అందరూ మర్యాదగా ఉండాలి, అందరూ కనబడ్డ చెత్త ఏరాలి. 2008 సెప్టెంబరులో కారు ప్రమాదం జరిగి ఆయన ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆ ఆపరేషన్‌లోనే క్యాన్సర్ బయటపడింది. ఆయన చక్రాల కుర్చీలో వచ్చి ఆ సీజను కోచింగ్ చేశాడు. ఆయన పిల్లల్లో అత్యధికులు ఎన్‌బీఏకు వెళ్లలేదు. వాళ్లలో ఎందరో స్కూళ్లలో, కాలేజీల్లో కోచ్‌లై ఆ నోటు పుస్తకాలతో ఇంకో తరానికి నేర్పారు.

అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయికో అబ్బాయికో ఏ చిన్న కాలేజీ కోచ్ నుంచో ఉత్తరం వస్తే, పేరు వినలేదనీ స్కాలర్‌షిప్ లేదనీ పక్కన పడేయకండి. ఫీజులో మార్కుల మీద ఎంత తగ్గుతుందో, ఇంటి ఆదాయం మీద ఎంత సాయం వస్తుందో ముందు అడగండి. తర్వాత ఒక ప్రాక్టీసుకు వెళ్లి కూర్చోండి. జట్టులో ఆఖరివాడికి కోచ్ ఎంతసేపు నేర్పుతున్నాడో చూడండి. మూడో ఏడు, నాలుగో ఏడు పిల్లలు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి. ఆ రెండూ బాగుంటే నిశ్చింతగా చేర్పించండి. మీ బిడ్డ ఎన్‌బీఏ గడప తొక్కకపోవచ్చు, కానీ నాలుగేళ్లు మంచి గురువు దగ్గర ఉంటుంది.