షికారు ఫొటోలో తుపాకీ ఆనవాలు

యాకుత్‌పురా వంటి హైదరాబాద్ పాతబస్తీ పేటల్లో షికారు ఫొటో బయటపడితే అందరి చూపూ పులి మీదే. తుపాకీ ఆనవాలు పట్టేవారి చూపు మాత్రం ట్రిగ్గర్ చుట్టుపక్కల ఆగుతుంది. పైకి లేచిన రెండు సుత్తులుంటే పాత తరహా జోడుగొట్టాలది; సుత్తి లేకుండా ట్రిగ్గర్ గార్డు వెనక పొడవాటి మీట ఉంటే బహుశా మార్టినీ రైఫిల్; పక్కన పిడి కనిపిస్తే బోల్ట్ రైఫిల్. జోడుగొట్టాల మీద మడిచే గురి రేకులుంటే అది పిట్టల తుపాకీ కాకపోవచ్చు. బోల్ట్ పిడి ఎడమన ఉంటే తొందరపడరు. అచ్చు కుడిఎడమలుగా తిరగబడిందేమోనని కోటు గుండీల వైపు చూస్తారు. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతుల పులివేటను చూపిన దీన్‌దయాళ్ స్టూడియో ఫొటోల వంటి గాజుపలక చిత్రాల్లో భూతద్దానికి ఇంత పని దొరుకుతుంది. గొట్టం లావును బట్టి తూటా కొలత చెప్పేయకపోవడం అసలైన నేర్పు. ఆ రకం తుపాకీ ఎప్పుడు తయారైందో తెలిస్తే, ఫొటో అంతకు ముందుది కాదని తేలుతుంది. పేరూ తేదీ చెరిగిన తాతగారి బొమ్మకు ఒక కాలం దొరుకుతుంది.