జవాబు పేరాలోనే ఉంది

"జిమ్మటలు చిరకలో లొట్టించాయి. అందుకే వాటికి పిరుగు పట్టింది." ఈ మాటలకి అర్థం లేదు, ఇప్పుడే పుట్టించాను. అయినా "జిమ్మటలు ఎక్కడ లొట్టించాయి?" అంటే "చిరకలో" అని రాసి మార్కు కొట్టేయొచ్చు. మా ఆఫీసులో దీన్ని స్ట్రింగ్ మ్యాచింగ్ అంటాం. మన తెలుగు వాచకాల్లో ఇది "అవగాహన–ప్రతిస్పందన" కింద వస్తుంది. శీర్షిక మంచిదే. నా పేచీ దాని కింది ప్రశ్నలతో, అదీ కొన్నిటితోనే.

పోయిన వానాకాలం గద్వాలలో మా అక్క కొడుకూ, వాడి దోస్తూ హోంవర్క్ చేస్తుంటే పక్కన కూర్చున్నాను. పరాగసంపర్కం మీద పేరా. దోస్తు నాలుగు జవాబులూ పేరాలోంచి ఎత్తి రాశాడు, నాలుగూ కరెక్టే.

"ఇది ఎప్పుడన్న చూసినవా?"

"లేదు మామా."

వారం రోజులు బడికెందుకు పోలేదంటే మాత్రం, "క్రాసింగ్‌కి పోయినా" అన్నాడు. గద్వాల వైపు పత్తి విత్తనాల సాగు తెలిసినవాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు. సాయంత్రం ఆడ మొగ్గల్లో కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున్నే మగపువ్వు పుప్పొడి రుద్దడం. (ఆ వయసు పిల్లాడు ఆ చేలో ఉండకూడదు. అదీ ఒక చదువేనని మురిసిపోయే బాపతు కాదు నేను.) రెండూ ఒకటేరా అంటే వాడు పకపకా నవ్వాడు: "అది పరాగసంపర్కం ఎట్లయితది మామా? అది క్రాసింగ్ కదా!"

1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు ఒక పరిశోధన చేశారు. చదవడంలో వెనకబడినా బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలకి, ఆట తెలియని మంచి పాఠకుల కన్నా ఆట గురించిన పేరా ఎక్కువ అర్థమైంది. అంటే అవగాహనలో సగం పేరా బయటే ఉంటుంది. మన ప్రశ్న ఆ బయటికి పోనివ్వదు. "తేనెటీగ చేసే పనికీ మీ చేలో జరిగే పనికీ తేడా ఏమిటి?" అని ఒక్కటి అడిగి ఉంటే? అమ్రాబాద్ అడవి పిల్లలకీ వనపర్తి టౌను పిల్లలకీ ప్రశ్న వేరవుతుంది, దిద్దడం కష్టమవుతుంది. అసలు ఇబ్బంది అదే అనుకుంటా.

ముందు అక్షరాలు కూడబలుక్కోనీ, తర్వాత అవగాహన అంటారు టీచర్లు. కాదనలేను. విద్వద్గద్వాల అని పేరు పడ్డ చోట, 2011 లెక్కల్లో ఇప్పటి జిల్లా అక్షరాస్యత సగం కూడా లేదు. 2022లో వచ్చిన తొలిమెట్టు ఈ పునాది కోసమే. కానీ కూడబలుక్కునే పిల్లాడికి, కూడబలుక్కుంటే ఏదో దొరుకుతుందన్న ఆశ కూడా ఉండాలి కదా.

దోస్తు కాసేపు నోట్సు చూసుకుని, "క్రాసింగ్ అని రాస్తే మార్కులేస్తరా మామా?" అన్నాడు.

"మీ సారుని అడుగు" అన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు.