వేటలేని వేటకుక్క

తిరుమలగిరి నుంచి జనగామ రోడ్డున పోతుంటే ఈమధ్య కొత్త ఇండ్ల ముందు సన్న నడుము, పొడుగు కాళ్ల కుక్కలు గొలుసులతో కనబడుతున్నాయి. ముధోల్ జాతి అని యజమానులు గొప్పగా చెప్తారు. ముధోల్ కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ఊరు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేస్తే అందులో ఇదొకటి, రాజపాళయం ఇంకొకటి. కుందేలును దూరం నుంచే కంటితో పట్టి, ఉరికి అందుకునే జంతువిది. దాన్ని గేటుకు కట్టేసి పాలు, బిస్కెట్లు పెడితే పెంచినట్టేనా?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు వేట నేరం. చీకటి మాటున కుక్కల్ని వదిలేవాళ్లు ఇప్పటికీ లేకపోలేదు, వాళ్లను వెనకేసుకు రాను. కానీ కుక్కను చూసుకునే తెలివి మాత్రం పాత వేటగాళ్లదే. బయల్దేరే ముందు ముద్ద పెట్టరు. నిండు కడుపుతో ఉరికితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదముందని పశువైద్యులూ చెప్తారు. మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది. తిరిగొచ్చాక ఒగర్పు తగ్గేదాకా ఆగి, నీళ్లు కొంచెం కొంచెంగా తాపి, ఆ తర్వాతే మజ్జిగ పోసిన జొన్న గట్క. అది తింటుండగానే కాలివేళ్ల సందుల్లో పల్లేరు ముళ్లు, చెవుల వెనక పిడుదులు వెతుకుతారు. పిడుదు కుట్టి జ్వరమొస్తే ఎంత బలమైన కుక్కయినా కూలబడుతుంది. ఒక్క విషయంలో మాత్రం వాళ్ల పద్ధతి నాకు నచ్చదు. పంది కోర పొడిస్తే పైకి చిన్న బెజ్జమే కనిపిస్తుంది, లోపల చర్మం కింద జానెడు చీలి ఉంటుంది. పసుపు అద్ది వదిలేస్తే చీము పడుతుంది. అప్పుడు పోవాల్సింది పశువుల దవాఖానకే.

మా దిక్కు గొర్ల మందల వెంట తిరిగే కుక్కలకు జాతి పేరుండదు, తొడల్లో కండ మాత్రం ఉంటుంది. ఒక కాపరిని అడిగాను, "దినాం ఎంతసేపు తిప్పుతవే మామా?" అని.

"నేను తిప్పుడేంది బిడ్డా, అదే నన్ను తిప్పుతది" అన్నాడు. ఏటేటా పిచ్చికుక్క టీకా వేయిస్తున్నాడో లేదో అడిగితే మాత్రం మాట మంద మీదికి మళ్లించాడు.

మొన్న మా చుట్టాలబ్బాయి ముధోల్ పిల్ల కావాలన్నాడు. పొద్దున ఐదింటికి లేచి చెరువు కట్ట మీద ఉరికించాలె, ఎండాకాలమైతే ఇంకా ముందే, లేవగలవా అన్నాను. కాసేపు ఆలోచించి, "అందుకు ఒక మనిషిని పెడితే నడవదా అన్నా?" అన్నాడు.