కేప్ గడ్డ, నక్క ఉల్లిగడ్డ

నక్క ఉల్లిగడ్డను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠకులకు పరిచయం చేయనక్కర్లేదు. ఎండలు ముదిరే రోజుల్లో చెలకల గట్ల మీద, రాతిగుట్టల అంచున, ఒక్క ఆకైనా లేకుండా నేలలోంచి సన్నటి కాడ లేస్తుంది. దాని మీద దూరం దూరంగా వెలిసిన రంగు పూలు వేలాడతాయి. ఆకులు తొలకరి తర్వాతి మాట. దాని పక్కన నిలబెట్టి చూడదలచినవి దక్షిణాఫ్రికా నైరుతి కొసన, కేప్ ప్రాంతంలో చలికాలపు వానలకు పెరిగి పూసే దుంపలు: ఫ్రీసియా, లాకెనాలియా, బాబియానా, స్పారాక్సిస్, ఇక్సియా. అటువైపు రంగులు ధారాళం, ఇటువైపు పొదుపు. అందానికి మార్కులు వేసేటట్లయితే పోటీ ఆదిలోనే తేలిపోతుంది. కాలాన్ని కనిపెట్టి బతకడంలో ఎవరి నేర్పు ఎలాంటిదని చూస్తే మాత్రం తూకం అంత తేలిగ్గా ఒకవైపు మొగ్గదు.

కేప్‌టౌన్ భూమధ్యరేఖకు దక్షిణంగా 34 డిగ్రీల దగ్గరుంది. అక్కడ వానల్లో ఎక్కువ భాగం మే నుంచి ఆగస్టు దాకా, అంటే వాళ్ల చలికాలంలోనే పడుతుంది. వేసవి పొడిగా పోతుంది. అందుకే కేప్ దుంప తొలి వానలకు ఆకు వేసి, చలిలో పెరిగి, చలి చివర విరగబూసి, ఎండలు రాగానే మట్టిలోకి ముడుచుకుంటుంది. దాదాపు 90 వేల చదరపు కిలోమీటర్ల ఆ నేలలో సుమారు 9 వేల రకాల మొక్కలున్నాయి. వాటిలో మూడింట రెండు వంతులు ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగవు. ఆ వైపు నీవౌట్‌విల్ అనే చిన్న ఊరికి ప్రపంచ దుంపల రాజధాని అన్న పేరు ఊరికే రాలేదు.

మన ఊళ్లేమో ఉత్తరంగా 17 డిగ్రీల దరిదాపున ఉన్నాయి. మనకు వాన వేడితో కలిసి వస్తుంది. నక్క ఉల్లి వానాకాలమంతా ఆకులతో ఉండి, యాసంగి నాటికి ఆకు రాల్చి పడుకుంటుంది. డిసెంబరులో రెండింటినీ పక్కపక్క కుండీల్లో పెట్టి చూస్తే కేప్ దుంప పని మీద ఉంటుంది, మనది పడక మీద ఉంటుంది. అయినా రెండింటి బతుకుసూత్రం ఒక్కటే: నీళ్లున్నప్పుడు కూడబెట్టుకో, లేనప్పుడు దాక్కో. ఇక్కడ నక్క ఉల్లి వేసవిలో ఆకు లేకుండా పూసినట్టే, అక్కడి డ్రిమియా అనే దుంపల్లో చాలావరకు తమ వేసవిలో ఆకు లేకుండా పూసి, వానలు మొదలయ్యాకే ఆకు వేస్తాయి.

ఈ పోలిక వెనక చుట్టరికమే ఉంది. సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలతో సహా గ్రంథస్థం చేసిన విలియం రాక్స్‌బర్గ్ మన నక్క ఉల్లిని సిల్లా ఇండికా అన్నాడు. 1977లో జెస్సప్ అనే వృక్షశాస్త్రవేత్త దక్షిణాఫ్రికా దుంపలను సరిచూస్తూ, దాన్ని అక్కడి దుంపలున్న డ్రిమియా ప్రజాతిలో చేర్చాడు. లాకెనాలియాదీ ఇదే శతావరి కుటుంబం, అందులోనూ ఇదే శాఖ. అడవినాభి, మచ్చల ఆకుల లెడెబూరియా రెవల్యూటా అయితే దాయాదులు కూడా కావు. రెండు దేశాల నేలలోనూ సొంతంగా మొలిచే ఒకే జాతులు.

మొక్కలు వెతికినవాళ్ల దారులూ అలాగే కలిశాయి. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వస్తూ దారిలో కేప్‌లో మొక్కలు ఏరాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన దగ్గర నేర్చుకున్న రాక్స్‌బర్గ్ కూడా తర్వాత కేప్‌లో ఆగి మొక్కలు సేకరించాడు.

గుర్తుపట్టే పద్ధతి కూడా రెండు వైపులకూ ఒక్కటే. రంగును నమ్మితే మోసపోతాం, కేసరాలను లెక్కపెట్టాలి. ఒక ఫ్రీసియా పువ్వును నిలువుగా చీల్చితే మూడే కేసరాలు కనిపిస్తాయి, అండాశయం పూరేకుల కింద ఉంటుంది. అది ఐరిస్ కుటుంబం. బాబియానా, ఇక్సియా, స్పారాక్సిస్, గ్లాడియోలస్ అన్నీ ఇందులోవే. నక్క ఉల్లి పువ్వులో ఆరు కేసరాలు, అండాశయం పూరేకుల పైన, లాకెనాలియాలోనూ అంతే. ఆరు కేసరాలుండి, అండాశయం కిందుండి, పూలన్నీ కాడ కొసన ఒకేచోట గుత్తిగా పుడితే అమరిల్లిస్ కుటుంబం. మన విషముంగలి అందులోది.

మట్టి కింద కూడా తేడా తెలుస్తుంది. నక్క ఉల్లిని కోస్తే వంటింటి ఉల్లి లాగే పొరలుంటాయి, అది లశునం. గ్లాడియోలస్ గడ్డను కోస్తే పొరలుండవు, లోపలంతా గట్టి గుజ్జే, అది కందం. పూత అయ్యాక తవ్వితే పాత కందం ఎండి అడుగున అంటుకుని, దాని మీద కొత్తది కూర్చుని, చుట్టూ చిట్టి గడ్డలు కనిపిస్తాయి.

రంగునే కాదు, బజారు పేరునూ నమ్మలేం. మన పూలబజారులో లిల్లీ పేరుతో మూరల లెక్కన అమ్ముడయ్యే పువ్వు మెక్సికో సంతతి. నర్సరీల్లో అమరిల్లిస్ పేరుతో దొరికేది చాలావరకు దక్షిణ అమెరికా హిప్పియాస్ట్రమ్. కేప్‌కు చెందిన అసలు అమరిల్లిస్ బెల్లడోనా పూలకాడ లోపల గట్టిగా ఉంటే, హిప్పియాస్ట్రమ్ కాడ బోలుగా ఉంటుంది. కాడను అడ్డంగా కోస్తే అనుమానం తీరిపోతుంది.

పెంపకం దగ్గరికి వస్తే ఆఫ్రికా దుంపలన్నిటినీ ఒకే గాటన కట్టలేం. మనకు చలికాలంలో పూచే దక్షిణాఫ్రికా దుంప అనగానే గ్లాడియోలస్ గుర్తొస్తుంది. కానీ 1841లో గెంట్ నగరపు వాన్ హుట్ నర్సరీ అమ్మకానికి తెచ్చిన గాండవెన్సిస్ సంకరం మొదలుకొని, నేటి గ్లాడియోలస్ వంశంలో వేసవి వానల ఆఫ్రికాకు చెందిన డలేనియై అనే జాతి పాలు పెద్దది. ఇంటి ముందు మే నెలలో ఎర్రటి గుండ్రని గుత్తి వేసే మే పువ్వుదీ వేసవి వానల నేలే. ఈ రెండూ ఇక్కడ మొరాయించకపోవడానికి అదొక కారణం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ పూనమ్, సప్న, శోభ వంటి రకాలను ఇచ్చింది. అక్టోబరులో నాటిన గడ్డ రకాన్ని బట్టి రెండున్నర, మూడు నెలల్లో పూస్తుంది.

అసలైన కేప్ దుంప సంగతి వేరు. ఫ్రీసియా మొగ్గ కట్టాలంటే 15 డిగ్రీల దరిదాపు చల్లదనం కొన్ని వారాలు కావాలి. ఇక్కడ జనవరి పగళ్లు కూడా 30 డిగ్రీల దాకా పోతాయి. కాబట్టి అది పందెమే. ఆడదలచుకున్నవాళ్లు వానలు పూర్తిగా వెళ్లాక, అక్టోబరు చివర, ఇసుక బాగా కలిపిన ఎర్రమట్టి కుండీలో నాటాలి. ఎడమ కాలువ కింది రేగడి వరికి మేలు, దీనికి కీడు. నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది. పొద్దుటి ఎండ చాలు. ఆకు పండగానే నీళ్లు ఆపి, గడ్డను తీసి, గాలి ఆడే సంచిలో తొలకరి తడి తగలకుండా మళ్లీ అక్టోబరు దాకా ఉంచాలి. నక్క ఉల్లికి ఇవేవీ అక్కర్లేదు. దాన్ని కదపకపోవడమే దాని సేద్యం.

రెండూ సమానమేనా అంటే, తమ తమ వానల కింద సమానమే. ఇంటిముందు పూల కోసమైతే గ్లాడియోలస్‌తో మొదలుపెట్టండి, ఓపికుంటే నాలుగు ఫ్రీసియా గడ్డలు ప్రయత్నించండి. చెలక గట్టు మీది నక్క ఉల్లిని మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి. అది విషపు గడ్డ కాబట్టి పిల్లలకు కూడా దాన్ని పేరుతో సహా చూపించండి.